ఖాళీ కాదు, గాలి

మూడో చుట్టకుదురు ముడి బిగించి, మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో నొక్కి చూశాడు సామ్యేలు. గడ్డి అణిగి, చెయ్యి తియ్యగానే మళ్ళీ లేచింది. దాన్ని పక్కన పెట్టి నాలుగోదానికి గడ్డి తడుపుకున్నాడు. ఇంకా ఆరు కాలేదు. కోదండరామ లారీ సర్వీసు వారి తెనాలి గోడౌను అరుగు మీద మాఘమాసపు చలి ఇంకా వదల్లేదు. తెరిచిన తలుపులోంచి నిమ్మకాయల వాసన ముందూ, మిరపకాయల ఘాటు వెనకా బయటికి వస్తున్నాయి. ఘాటు గొంతుకు తగిలి అతను నాలుగుసార్లు దగ్గి, అయిదోదాన్ని బలవంతాన ఆపుకుని గోడకు చేరగిలపడ్డాడు. ఊపిరి దారికొచ్చేదాకా కూడా చేతులు గడ్డిని మెలిపెడుతూనే ఉన్నాయి.

ఆడవాళ్ళు నీళ్ళబిందె కింద పెట్టుకునే చుట్టకుదురును గోడౌనులోకి తెచ్చినవాడు సామ్యేలే. అడుగు గుండ్రంగా ఉన్న సరుకు ఏదొచ్చినా, ఊరగాయ జాడీ గానీ యాసిడ్ బుడ్డి గానీ, గోడకు ఆనించి దేవుడి మీద భారం వేసి ఊరుకోవడం అతనికి చేతకాదు. కింద కుదురు పడాల్సిందే. ముఠావాళ్ళు మొదట్లో "ఏంటి మావా, నీళ్ళకు పోతన్నావా" అని ఆటపట్టించారు. తర్వాత వాళ్ళే అడిగి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. అలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళలో సామ్యేలు సర్దిన సరుకు పగిలిందన్న మాట తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ పుట్టలేదు. పగిలినదాని గురించి అయితే మనుషులు పదేళ్ళు చెప్పుకుంటారు. పగలనిదాన్ని ఎవరు తలుచుకుంటారు? అందుకే అతని పేరు గోడౌను గుమ్మం దాటి ఎక్కడికీ పోలేదు. అందుకు అతనికి చింతా లేదు.

ఈ నాలుగు కుదుళ్ళు మాత్రం జాడీల కోసం చుడుతున్నవి కావు. ఇది డెబ్భైనాలుగు ఫిబ్రవరి సంగతి. పది రోజుల కిందట విశాఖపట్నం నుంచి కుసుమకుమారి అనే ఆవిడ భర్తతో కలిసి తెనాలిలో రైలు దిగింది. కాలేజీలో చేపల గురించి పాఠాలు చెబుతుందట. ఏటా సెలవు పెట్టి మొగుడూ పెళ్ళాలు సరదాగా సముద్రంలోకి దిగుతారట. దిగడమంటే మనలా మోకాలి లోతుకు దిగి కేరింతలు కొట్టడం కాదు, ఏకంగా అడుగుకే. ముందు బాపట్ల పక్కన సూర్యలంకలో కొన్నాళ్ళు, ఆ తర్వాత రేపల్లె నుంచి పడవ మీద కృష్ణ సముద్రంలో కలిసే చోట కొన్నాళ్ళు. సామాను ఒక రాత్రి గోడౌనులో ఉంచి, మర్నాడు లారీలో బాపట్ల పంపాలి.

ఆ సామాను చూసి గుమాస్తా వెంకట్రామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రబ్బరు చొక్కాలు, బాతుకాళ్ళలాంటి రబ్బరు జోళ్ళు, ముఖానికి తగిలించుకునే అద్దాలు, నోట్లో పెట్టుకునే గొట్టాలు, సీసం ముద్దలు గుచ్చిన బెల్టులు, గాలి కొట్టే చిన్న మిషను. వీటన్నిటికీ పెద్దన్నల్లాగా నాలుగు ఇనప సిలిండర్లు, అడుగు గుండ్రంగా. కుసుమకుమారి క్లాసులో చెప్పినట్టే వేళ్ళు మడుస్తూ జాగ్రత్తలు చెప్పింది. సామ్యేలు చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

"అప్పజెబుతానమ్మా, తప్పయితే దిద్దండి," అన్నాడు. "ఎండ సంగతి తమలపాకు మోపులకు చూసినట్టు చూడాలి. రబ్బరు కిరసనాయిలు డబ్బాకు ఆమడ దూరాన ఉండాలి. అద్దాలు లాంతరు చిమ్నీలకు మల్లే గడ్డిలో పడుకోవాల. గొట్టాలు మెలిక పడగూడదు. సీసం అన్నిటికంటే అడుగున, ఎవరి నెత్తినా ఎక్కగూడదు. సిలిండరు చెవి మాత్రం ఎవరూ తిప్పగూడదు. అంతేగదండి?"

"అంతే పెద్దాయనా," అని నవ్వింది ఆవిడ. "ఆ చివరిది మాత్రం ప్రాణం మీదికొచ్చే సంగతి. అందులో గాలి తప్ప ఇంకేం చేరినా, అడుగున ఉన్న మనిషి పైకి రాడు."

"ఉత్త గాలేనా అందులో?"

"ఉత్త గాలే. మనం పీల్చేదే. కుక్కి నింపుతాం."

సామ్యేలు ఒక సిలిండరును భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి ఆగాడు. "మరి ఇంత బరువేంటమ్మా? నలభై ఏళ్ళుగా మోస్తన్నా గానీ గాలిని మొయ్యడం ఇదే మొదలు."

దింపాక ఆవిడే గొట్టం బిగించి, ఒకసారి పీల్చి చూడమంది. సామ్యేలు రెండు చేతులా పట్టుకుని నిండా పీల్చి, కాసేపు ఆలోచించి, "రబ్బరు కంపు కొడతందండి, మా గోడౌను గాలికి ఘాటన్నా ఉంటది," అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. వాళ్ళాయన కూడా నవ్వాడు. సిలిండర్ల రంగు గీసుకుపోకుండా ఆ రాత్రే నాలుగింటికీ గోనెపట్టాతో చొక్కాలు కుట్టి తొడిగాడు సామ్యేలు, తల మాత్రం బయటికి ఉండేటట్టు. మర్నాడు తనే ఒక్కొక్కటీ మోసి లారీ ఎక్కించాడు.

అతని భుజం మీదికి ఎక్కిన ఆఖరు బరువు అదే. ఆ మరుసటి రోజు నిమ్మకాయల బస్తాల మధ్య కూలబడ్డాడు. ముఖం నల్లబడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు గుండె పెరిగిందని, ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి మిరప దుమ్ము చేరిందని చెప్పి, బతకాలంటే బరువెత్తొద్దన్నాడు. భార్య రిబ్కా ఇంటికొచ్చాక బైబిలు తేలేదు. "దాని మీదయితే ప్రభువు క్షమిస్తాడని ధైర్యం నీకు," అని అతని చెయ్యి లాగి తన తల మీద పెట్టుకుంది. "ఇక భుజానికి ఏదీ ఎత్తనని చెప్పు." చెప్పాడు. యజమాని మంచివాడే, పనిలోంచి తియ్యలేదు. దగ్గరుండి సర్దించమన్నాడు. అప్పటినుంచి సామ్యేలు మొయ్యడం మానేసి చూసే మనిషి అయ్యాడు. ముఠావాళ్ళు మోస్తుంటే పక్కన నిలబడి "నిదానం, నిదానం" అంటూ ఉంటాడు. మొయ్యడం కంటే అదే అతనికి ఎక్కువ కష్టంగా ఉంది.

నాలుగో కుదురు సగంలో ఉండగా లోపల ఫోను మోగింది. వెంకట్రామయ్య కాఫీకి పోయాడు. సామ్యేలు చేతులు పంచెకు తుడుచుకుని వెళ్ళి ఎత్తాడు. లైనులో రైసుమిల్లు ఆడుతున్నంత రొద. దాని అవతలనుంచి బాపట్ల గుమాస్తా గొంతు. ఏవో నాలుగు సిలిండర్లు పొద్దుటి లారీలో వస్తున్నాయని చెప్పి పెట్టేశాడు. ఏ సిలిండర్లని చెప్పాడో సామ్యేలుకు అనుమానం రాలేదు. బుధవారం. బాపట్ల, కర్లపాలెం సోడాకొట్ల ఖాళీ సిలిండర్లు వచ్చే రోజు. సముద్రంలో దిగే అమ్మగారు గురువారం వస్తానంది. కాబట్టి అతని చెవికి ఏం వినపడాలో అదే వినపడింది. మిషను బడిలో మూడో క్లాసుదాకా దిద్దిన గుండ్రటి అక్షరాలతో నల్లబల్ల మీద రాశాడు: "బాపట్ల - ఖాళీ సిలిండర్లు 4 - హనుమయ్య." సుద్ద దులుపుకుని వెనక గోడౌనులోకి నిమ్మకాయల బస్తాలు సర్దించడానికి వెళ్ళిపోయాడు.

లారీ వచ్చింది, సరుకు దిగింది. మోరిస్‌పేటలో సోడా గ్యాసు డిపో నడిపే హనుమయ్య బండి ఎప్పటిలాగే వచ్చి నిలబడింది. వెంకట్రామయ్య బల్ల వైపు ఒకసారి చూసి, గోనెలో ఉన్న నాలుగింటినీ లోపలేముందో చూడకుండానే దాని మీదికి ఎత్తించాడు. ఇదంతా సామ్యేలు కళ్ళబడలేదు.

పదిన్నరకు వే బిల్లులన్నీ ఇనపతీగకు గుచ్చడం అతని పని. గుచ్చేముందు ప్రతి కాగితాన్నీ కూడబలుక్కుని చదువుతాడు, ఎవరూ చదవమనకపోయినా. నాలుగో కాగితం దగ్గర అతని వేలు ఆగిపోయింది. "గాలి సిలిండర్లు - 4. సరుకుదారు: కుసుమకుమారి. తెనాలి మీదుగా రేపల్లె. ఈ రోజే పంపవలెను." మరోసారి చదివాడు. తలెత్తి నల్లబల్ల చూశాడు. తన రాతే, ముత్యాల్లా ఉంది.

"అయ్యా, బాపట్ల సిలిండర్లు ఏవండి?"

"హనుమయ్య బండిలో ఎక్కించాగా. నువ్వే రాశావుగదా ఖాళీలని," అన్నాడు వెంకట్రామయ్య తల ఎత్తకుండా.

మాట్లాడితే ఊపిరి ఖర్చు. సామ్యేలు తుండు భుజాన వేసుకుని బయటికొచ్చి, రోడ్డు మీద పోతున్న సామాన్ల రిక్షా ఆపి ఎక్కి, "మోరిస్‌పేట. సోడా గ్యాసు డిపో. తొందరగా పోనీ అబ్బాయ్," అన్నాడు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు రిక్షా అతను దిగి తోస్తుంటే, తనూ దిగి తొయ్యాలన్నంత ఆత్రం పట్టింది. హనుమయ్య డిపోలో ఏం చేస్తారో సామ్యేలుకు తెలుసు. ఖాళీ సిలిండరు చెవి తిప్పి మిగిలింది వదిలేస్తారు. మనిషి ఎత్తు సిలిండర్లలోంచి దాంట్లోకి సోడా గ్యాసు ఎక్కిస్తారు. ఏ దేశపు సిలిండరుకైనా పట్టే నట్లు తన దగ్గరున్నాయని హనుమయ్య ఊరంతా చెప్పుకుంటాడు. అడుగున ఉన్న మనిషి పైకి రాడని అమ్మగారు వేలు మడిచిన చెయ్యి కళ్ళముందే ఆడుతోంది. నలభై ఏళ్ళలో ఒక్క గాజు చిమ్నీ పగలనివ్వనివాడు ఒక్క మాట తప్పు విని మనిషిని చంపబోతున్నాడా? చంపనివ్వను, అనుకున్నాడు. గట్టిగానే అనుకున్నాడేమో, రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు.

హనుమయ్య వసారాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. సంగతి విని పేపరు మడిచాడు.

"ఖాళీలని బల్ల మీద రాసిందెవరు సామేలూ?"

"నేనేనండి. తప్పు నాదే. చెవి తిప్పారా?"

"లేదయ్యా. పనివాళ్ళు అన్నాలకు పోయారు. నీ నాలుగూ వెనక కొట్లో వచ్చినవి వచ్చినట్టే ఉన్నయ్. పట్టుకుపో."

సామ్యేలు గుండెల మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. వెనక కొట్లో నాలుగూ గోడవారన ఉన్నాయి, తను కుట్టిన చొక్కాలతోనే. రిక్షా అతను చొరవగా వచ్చి ఒకదాన్ని చెవి పట్టుకుని ఎత్తబోయాడు.

"ఆగు. అట్టా మెడ పట్టుకుని లేపగూడదు. నువ్వు బండి దగ్గరుండు."

చెప్పాక, ఎత్తేది ఎవరన్న ప్రశ్న మిగిలింది. కొట్లోంచి రిక్షాదాకా నలభై అడుగుల దూరం ఉంటుంది. అరచేతి కింద రిబ్కా పాపిట వెచ్చగా తగిలినట్టయింది. నాలుగంటే నాలుగే, అనుకుని తుండు మడిచి భుజాన వేసుకున్నాడు. మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి నడుమున వేసి, మొదటిదాన్ని ఎత్తుకున్నాడు. భుజం దాన్ని గుర్తుపట్టింది. వారం రోజులుగా ఇంకే బరువూ ఎరగని భుజం అది. మోసుకెళ్ళి బండిలో దించాడు. రెండోదాన్నీ దించాడు. ఊపిరి ఈల వేస్తోంది. గోడ పట్టుకుని ఆగి, మూడోదాన్ని ఎత్తాడు.

ఎత్తగానే మోకాలికి తెలిసింది. తర్వాత భుజానికి తెలిసింది. పది అడుగులు వేసి, తన అలసటేమోనని అనుమానించి, దించి, నాలుగోదాన్ని ఎత్తి చూశాడు. అది మొదటి రెండిటిలాగే ఉంది. దాన్ని బండిలో పెట్టి వచ్చి మూడోదాన్ని మళ్ళీ ఎత్తాడు. మూడు నాలుగు వీశెలు ఎక్కువ. సందేహం లేదు.

"హనుమయ్య గారూ," అన్నాడు, అది మోసుకొచ్చి వసారాలో దించి, మాట వచ్చేదాకా ఆగి. "ఇందులో మీ గ్యాసు ఉందండి."

"ముట్టుకోలేదన్నానుగదా."

"మీవాళ్ళు అన్నానికి పోకముందు ముట్టుకునుంటారు."

"నాకు గుర్తులేదు మరి."

"మీకు గుర్తులేకపోవచ్చండి. నా భుజానికి గుర్తుంది. అనుమానముంటే మీ కాటా మీద పెట్టండి."

డిపోలో గ్యాసును తూచే ఎక్కిస్తారు కాబట్టి ఆ కాటా అబద్ధం చెప్పదు. ముందు మూడోదాన్ని పెట్టారు. తర్వాత బండిలోంచి ఒకదాన్ని తెచ్చి పెట్టారు. అయిదు కిలోల తేడా. హనుమయ్య ముల్లు వైపు చూశాడు. తర్వాత తనే లేచి, తనే ఎత్తి, రెండిటినీ ఒక్కొక్కటిగా బండి దాకా మోసుకొచ్చి పెట్టాడు. "మనిషికి తెలియకుండా ప్రాణం పోయేదయ్యా," అని మాత్రం అన్నాడు. సామ్యేలు జేబులోంచి సుద్దముక్క తీసి మూడోదాని గోనెచొక్కా మీద అడ్డంగా గీత కొట్టి "సోడా" అని రాశాడు.

ఒంటిగంటకు రిబ్కా క్యారేజీ తెచ్చింది. అరుగు మీద చతికిలబడి ఉన్న భర్తను చూసింది. అతని చొక్కా భుజం మీద గోనెపీచు అంటుకుని ఉంది. ఆవిడ క్యారేజీ దించి, పీచు ఒక్కొక్క పోగే ఏరింది.

"ఎన్ని?"

"నాలుగే."

"నాలుగు పోగులకు ఇంత చెమటా?"

సామ్యేలు జరిగింది చెప్పాడు, ఫోను దగ్గరనుంచి కాటా దాకా. తనది తప్పని రెండుసార్లు చెప్పాడు. రిబ్కా మజ్జిగన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టింది. రెండు ముద్దలు తిని ఇక చాలన్నాడు.

"ఆవిడకు చెబుతావా?" అని అడిగింది. "చెప్పకపోయినా తెలీదుగదా. సోడాది వేరే పెట్టేశావు."

"చెబుతా. నా నోటితో వాళ్ళు వినాల. లేకపోతే రేపు ఇంకోచోట ఇంకోడు ఇట్టాగే వింటాడు."

"చెప్పు అయితే. చెప్పి ఇంటికి రా. పడుకుందువు గాని."

"రేపల్లె దాకా పోయొస్తానే. మొయ్యను. పక్కన కూర్చుంటా. అవి నా కళ్ళముందు దిగాల."

రిబ్కా అతని ముఖంలోకి చూసింది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆ గొంతు ఎప్పుడు వినపడిందో, అప్పుడు అడ్డుపడి గెలిచింది లేదు. తుండు తీసి దులిపి, తడి వైపు లోపలికి మడిచి అతని మెడకు చుట్టి, క్యారేజీ సర్దుకుని వెళ్ళిపోయింది. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

కుసుమకుమారి మధ్యాహ్నం పాసింజరులో మిగతా సామాను వెంటబెట్టుకుని బాపట్ల నుంచి వచ్చింది. పడవ ఒకరోజు ముందే కుదిరిందని, వాళ్ళాయన తెల్లవారుజామునే రేపల్లె వెళ్ళిపోయాడని చెప్పింది. సామ్యేలు లేచి నిలబడ్డాడు. ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు.

"గాలి అని చెబితే నేను ఖాళీ అని విన్నానమ్మా," అన్నాడు. ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. వెంకట్రామయ్య పక్కనుంచి చెయ్యి ఊపుతూ ఆపమంటున్నా ఆపలేదు.

ఆవిడ గీత కొట్టిన సిలిండరు దగ్గర కూర్చుని చెవి సన్నగా తిప్పింది. బుస్సుమంది. గాలయితే బుస్సుమని పోయి ఊరుకునేది. కానీ మూతి చుట్టూ తెల్లగా మంచు పేరుకుంది. ఆవిడ ముక్కు దగ్గరగా పెట్టి చటుక్కున తల వెనక్కి తీసుకుంది. గోళీసోడా గబగబా తాగితే ముక్కులో పుట్టే మంట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి గ్యాసు వల్ల వచ్చాయో మరెందుకు వచ్చాయో వెంకట్రామయ్యకు అర్థం కాలేదు.

"రేపు పొద్దున మొదట దిగేది ఆయనే," అంది నెమ్మదిగా. "నేను పడవలో ఉంటాను. తాడు పట్టుకుని."

ఆవిడ మిగిలిన మూడిటినీ అలాగే చూసింది. మూడింటిలోనూ గాలే ఉంది.

"నీళ్ళలోకి దిగేముందు నేను మూతి దగ్గర వాసన చూస్తాను ఎప్పుడూ. కానీ ఎన్నోసారి మర్చిపోతానో నాకు మాత్రం ఏం తెలుసు," అంది లేచి. "ఈ సోడాది ఇక్కడే ఉంచండి. విశాఖలో కడిగించాలి. పెద్దాయనా, మీరు చెప్పకపోతే..."

"చెప్పకపోతే నాకు నిద్రపట్టదమ్మా. ఎండ పడతంది, పదండి సర్దుదాం."

సర్దడం మొదలయ్యాక సామ్యేలు పాత సామ్యేలు అయిపోయాడు. లారీ డ్రైవరు బాలస్వామి, ముఠావాళ్ళు ముగ్గురు అతను చూపించిన చోటల్లా పెట్టారు. సీసం బెల్టులు అడుగున, కేబిను వైపు. గాలి మిషనుకు పెట్రోలు వాసన ఉందని దాన్ని ఎడమ చివరికి, రబ్బరు చొక్కాలను కుడి చివరికి పంపాడు. అద్దాలు గడ్డిబుట్టలో. గొట్టాలు పాముచుట్టలా వదులుగా చుట్టి దేనికిందా పడకుండా మేకుకు తగిలించాడు. మధ్యలో నాలుగు చుట్టకుదుళ్ళు వేయించి, మూడిటి మీద మూడు సిలిండర్లను నిలబెట్టించి, పురికొసతో రెండు చుట్లు వేసి లారీ కొక్కేలకు కట్టాడు. పైన టార్పాలిన్ లాగి, గాలాడేటందుకు వెనక జానెడు వదిలాడు. ప్రతి ముడినీ తనే ఒకసారి లాగి చూశాడు.

"నాలుగో కుదురు ఖాళీగా ఉంది, తీసెయ్యనా మావా?" అని అడిగాడు బాలస్వామి.

"ఉండనీ. నేనున్నాగా."

కేబినులో కూర్చోమని కుసుమకుమారి బతిమాలింది. వినలేదు. ఎక్కడానికి బాలస్వామి చెయ్యి ఇస్తే మాత్రం కాదనకుండా పట్టుకున్నాడు. సిలిండర్ల పక్కన గడ్డిమీద చేరగిలబడి, పురికొస ముడి మీద చెయ్యి వేసుకున్నాడు. మూడున్నరకు లారీ కదిలింది.

టార్పాలిన్ కిందనుంచి వదిలిన జానెడు సందులో రోడ్డు వెనక్కి పరుగెడుతోంది. జంపని దాటేటప్పుడు చెరుకు బళ్ళ వరస, తీపి వాసన వచ్చాయి. తను పదిహేనేళ్ళవాడుగా రేపల్లె రేవులో మొదటి బస్తా ఎత్తిన రోజు సామ్యేలుకు ఎందుకో గుర్తొచ్చింది. ఉప్పు బస్తా అది. దించాక మేస్త్రీ చూసి, "పడేశావా, పెట్టావా?" అని అడిగాడు. "పెట్టానండి" అన్నాడు. అంతకంటే గొప్ప సంగతి తన బతుకులో ఏం జరిగిందా అని వెతుక్కున్నాడు. రిబ్కా దొరికింది. ఇంకేం పెద్దగా కనపడలేదు. చాలులే, అనుకున్నాడు.

భట్టిప్రోలులో బాలస్వామి లారీ ఆపి వెనక్కి వచ్చాడు.

"టీ తాగుతావా మావా?"

"వద్దులే. ముడి వదులవలేదు. పోనీ."

"ఆయాసంగా ఉందా?"

"కాస్త. గోతులు చూసి తోలు."

పల్లికోన దగ్గర కాలవ గట్టు మీద చూసినా తప్పని గొయ్యి ఒకటి ఉంది. లారీ ఎగిరిపడింది. కుసుమకుమారి ఉలిక్కిపడి చెవి ఒగ్గి వింది. వెనకనుంచి ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు రాలేదు. "మావ ఉన్నాడుగా అమ్మా," అన్నాడు బాలస్వామి. ఆవిడ సీటుకు వాలి కళ్ళు మూసుకుంది.

రేపల్లెలో పొద్దు ఇంకా బారెడు ఉంది. లారీ సర్వీసు కొట్టు ముందు ఆవిడ భర్త, పడవవాళ్ళు ఎదురుచూస్తున్నారు. బాలస్వామి వెనక తలుపు దించి టార్పాలిన్ ఎత్తాడు. సామ్యేలు కూర్చున్నట్టే ఉన్నాడు. కాళ్ళు చాపుకుని, ఒక చెయ్యి పురికొస ముడి మీద, తల కాస్త పక్కకు వాలి. సిలిండర్లు వెంట్రుకవాసి జరగలేదు.

"మావా, వచ్చేశాం," అన్నాడు బాలస్వామి.

కుసుమకుమారి లారీ ఎక్కింది. ఆవిడకు ఊపిరి సంగతి తెలుసు. నీళ్ళ అడుగున పక్కమనిషి ఛాతీ కదులుతోందా లేదా అన్నదే మొదట చూడటం ఆవిడకు అలవాటు. చెయ్యి పట్టుకోకముందే తెలిసిపోయింది. అయినా పట్టుకుంది. పురికొస మీదనుంచి వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. తెలిసిన మనిషికి ఏడ్చినట్టే ఏడ్చింది. బాలస్వామి తన తలగుడ్డ తీసి అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

ఆయన్ని నలుగురూ కలిసి జాగ్రత్తగా దించారు. ఒకరు "నిదానం" అన్నారు. ఆ తర్వాత సిలిండర్లను దించారు. తెనాలికి ఫోను చేసి, రిబ్కాకు కబురు చెప్పమనడానికి బాలస్వామి కొట్లోకి వెళ్ళాడు. రొదలో సరిగా వినపడదేమోనని, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి, రెండుసార్లు చెప్పాడు.

లారీలో నాలుగో చుట్టకుదురు మిగిలింది. ఆఖరున మెడ కింద పెట్టుకున్నట్టున్నాడు. గడ్డి ఒకపక్క అణిగి ఉంది, ఇంకా లేవలేదు.